రాగి రేకుపై గోదావరి పూలు

రాగి రేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసి, రంగులు వేసిన పూల బొమ్మలకూ గోదావరి డెల్టాకూ రెండు శతాబ్దాలకు పైబడిన సంబంధం ఉంది. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ (1751–1815) స్థానిక చిత్రకారులను పెట్టుకుని ఈ ప్రాంతపు మొక్కలను గీయించాడు. వాటిలో 300 బొమ్మలు లండన్‌లో రాగి రేకులకెక్కాయి. ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాల ఇంగ్లీషు గ్రంథంగా 1795కూ 1820కీ మధ్య వెలువడ్డాయి. మన చెరువు గట్ల మీద, మెట్టల మీద, ఏజెన్సీ కొండల్లో పూసే పూలు యూరప్ పండితుల బల్లల మీదికి ఈ రేకుల ద్వారానే చేరాయి. తర్వాత నూటయాభై ఏళ్లకు రంగు ఎచింగ్ పద్ధతినే మార్చిన కళాకారుల్లో ఒకరు కూడా తెలుగువాడే కావడం విశేషం. ఆయన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి.

సామర్లకోట తోట

రాక్స్‌బర్గ్ ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో సహాయ వైద్యుడిగా చేరాడు. నాగూరులో కొంతకాలం పనిచేశాక 1781లో సామర్లకోట వచ్చాడు. అప్పటి సామర్లకోట కంపెనీ పటాలం ఉండే చోటు. ఒక పక్క ఏలేరు, గోదావరి పాయల పల్లపు నేలలు, మరో పక్క పెద్దాపురం మెట్ట, ఇంకా పైకి వెళితే రంపచోడవరం వైపు కొండలు, కిందికి దిగితే కోరంగి మడ అడవులు. ఒక రోజు ప్రయాణంలో ఇన్ని రకాల నేలలు తగలడం మొక్కల మనిషికి వరమే. ఆయన అక్కడ తోట వేశాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క వంటివి పెంచి చూశాడు. సామర్లకోటకు ఎగువ కొండల్లో అడవి మిరియపు తీగ ఉందని గుర్తించింది ఆయనే. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో రైతులు చెరకు వేసి బెల్లం, పంచదార తీసే పద్ధతిని వివరంగా రాశాడు. లక్క పురుగు మీద సామర్లకోట నుంచి రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

1787 మేలో కోరంగి తీరాన్ని ముంచెత్తిన తుఫాను ఉప్పెనలో ఆయన పుస్తకాలు, రాతలు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు చాలావరకు పోయాయి. ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈ రోజు మనం చూసే బొమ్మల సంపదలో ఎక్కువ భాగం ఆ నష్టం తర్వాత చేసినదేనని గుర్తుంచుకుంటే, ఆ పని మీద గౌరవం రెట్టింపవుతుంది.

పుస్తకంగా తేవాలన్న ఆలోచన మాత్రం విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్‌ది. పాముల మీద గ్రంథం రాసిన వైద్యుడీయన. కోరమండల్ తీరంలో మనుషులకు పనికివచ్చే మొక్కల గురించి బొమ్మలతో గ్రంథం వేయాలని 1785లో మద్రాసు ప్రభుత్వానికి సూచించాడు. 1789లో ఆయన ఇంగ్లండు వెళ్లిపోగా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి రాక్స్‌బర్గ్‌కు దక్కింది. 1794 నాటికి ఐదు వందల బొమ్మలు లండన్ చేరాయి. అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలోంచి మూడు వందలు ఏరి, అచ్చు పని తన కనుసన్నల్లో నడిపించాడు. మొదటి సంపుటానికి ముందుమాట రసెల్ రాశాడు.

గీసిన చేతులు

ఈ గ్రంథం గురించి మాట్లాడేటప్పుడు మొదట తలచుకోవలసింది చిత్రకారులను. రాక్స్‌బర్గ్ వర్ణన రాసేవాడు, మొక్కను ఎంచేవాడు, ఏ భాగం చూపాలో చెప్పేవాడు. కుంచె పట్టింది మాత్రం ఈ నేల మనుషులు. గ్రంథం మీద రచయిత పేరుంది, సంపాదకత్వం నెరపినవారి పేరుంది, ముద్రాపకుడి పేరుంది, చిత్రకారుల పేర్లు లేవు. ఇది ఆనాటి అలవాటే అని సరిపెట్టుకోవచ్చు. అయినా అన్యాయం అన్యాయమే.

వారి పనితనం ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. గోదావరి, కృష్ణా తీరాలు అప్పటికి రెండు వందల ఏళ్లుగా పూల బట్టలకు పేరుపడ్డ నేలలు. పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు కోటలు, గిడ్డంగులు కట్టింది బట్టల కోసమే. మచిలీపట్నం కలంకారీలో తీగ మలుపు, రేకు చుట్టూ సన్నని గీత, ఆకు ఒక వైపు ముదురుగా మరో వైపు లేతగా ఉండడం చూసినవారికి సామర్లకోట బొమ్మల్లో పరిచయమైన చేయి కనబడుతుంది. పటం వేసేవారు, అద్దకం పనివారు మొక్కల బొమ్మలకు మళ్లారని పరిశోధకులు కొందరు భావిస్తారు. యూరప్ నుంచి వచ్చిన కాగితం, నీటి రంగులు, భూతద్దం కింద పువ్వును విప్పి చూసే పద్ధతి వారికి కొత్త. పువ్వును అలంకారంగా చూడడం మానేసి, దాని కేసరాలు లెక్కపెట్టి గీయడం నేర్చుకున్నారు. ఆ మార్పు చిన్నది కాదు.

ఈ బొమ్మల్లో ఒక ప్రత్యేకత ఉంది. కొమ్మ కాగితం నిండా పరుచుకుంటుంది, ఆకులు అంచుల దాకా వస్తాయి. వెనక ఆకాశం, నేల ఏమీ ఉండవు. కింద వరసగా విప్పిన పూభాగాలు, కోసిన కాయ, గింజ. శాస్త్రానికి కావలసినదంతా ఉంది, బట్ట మీద తీగ పాకినట్టున్న సొంపూ ఉంది.

రేకు మీద పని

రాగి రేకు మీద బొమ్మ వేసే పద్ధతులు ప్రధానంగా రెండు. ఎన్‌గ్రేవింగ్‌లో పదునైన ఉక్కు పనిముట్టుతో రేకును నేరుగా చెక్కుతారు. ఎచింగ్‌లో రేకు మీద మైనం, జిగురు కలిసిన పూత పూసి, సూదితో గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే ఆ గీతలే గుంటలు పడతాయి, ఎక్కువసేపు ఉంచితే లోతుగా, తక్కువసేపైతే పలచగా. రెండు పద్ధతుల్లోనూ తర్వాతి పని ఒకటే. సిరా గుంటల్లోకి ఎక్కేలా రుద్ది, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచి, తడి కాగితం కప్పి రోలర్ల మధ్య నొక్కుతారు. కాగితం గుంటల్లోకి దిగి సిరాను పైకి లాక్కుంటుంది. అందుకే అచ్చయిన గీత మీద వేలు పెడితే సన్నగా ఉబ్బుగా తగులుతుంది.

రంగు ఎక్కడ చేరుతుంది అన్నదే అసలు చిక్కు. రాక్స్‌బర్గ్ గ్రంథానికి అనుసరించిన దారి పాతది, నమ్మకమైనది: గీత అచ్చులో, రంగు చేతితో. కెప్టెన్ కుక్ ఓడయాత్రలో సేకరించిన మొక్కల రేకులు బ్యాంక్స్ కోసం చెక్కిన డేనియల్ మెకంజీయే ఈ రేకుల పనిలోనూ ముఖ్యుడు. రేకు నుంచి గీతలు కాగితం మీదికి వచ్చాక రంగులు వేసేవారు సామర్లకోట బొమ్మ నమూనా ఎదురుగా పెట్టుకుని ఒక్కో ప్రతికి ఒక్కోసారి నీటి రంగు వేయాలి. అందువల్ల రెండు గ్రంథాలయాల్లో ఉన్న ఒకే పలకను (అచ్చయిన బొమ్మ పుటను) పక్కపక్కన పెడితే రంగులో తేడాలు కనబడడం సహజం. ఒక ప్రతిలో మోదుగ పువ్వు నిప్పులా ఉంటే మరోదానిలో కాస్త మెత్తబడి ఉండవచ్చు. సామర్లకోటలో గీసిన చేయి, లండన్‌లో చెక్కిన చేయి, రంగు వేసిన చేయి: ఒక్కో పువ్వు వెనక కనీసం మూడు చేతులున్నాయి.

పలకల్లో మన చెట్లు

మొదటి పలకలో ఉన్నది తణుకు చెట్టు. రెక్కలున్న కాయలు గాలికి గిరగిరా తిరుగుతూ పడే చెట్టిది. మూడో పలక చిరివేరు. ఇసుక నేలల్లో పెరిగే ఈ చిన్న మొక్క వేరు నుంచి వచ్చే ఎరుపే, పటిక సాయంతో బట్ట మీద నిలిచి, కోరమండల్ అద్దకాలకు కీర్తి తెచ్చింది. నాలుగో పలకలో విషముష్టి, ఐదులో బురదనీటిని తేర్చే చిల్లగింజ చెట్టు, ఆరులో టేకు. 17వ పలకలో సోమిద. దీని బెరడును జ్వరాలకు సింకోనాకు బదులుగా వాడవచ్చని రాక్స్‌బర్గ్ గట్టిగా నమ్మాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి పెట్టిన పేరు మన సోమిదే. 19వ పలకలో ఇప్ప, 46లో తునికి. తాటిచెట్టుకు 71, 72 రెండు పలకలు కేటాయించారు. తాటిలో పోతు చెట్టు, పెంటి చెట్టు వేరు కాబట్టి ఒక్క బొమ్మలో ఇమడదు. 74వ పలకలో చిట్టీత.

వీటిలో 21వ పలక దగ్గర కాసేపు ఆగాలి. అది మోదుగ. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకు రాలి, చెట్టంతా చిలక ముక్కుల్లాంటి ఎర్రనారింజ పూలతో నిండిపోతుంది. బొమ్మ గీసేవాడికి ఇక్కడ రెండు కష్టాలు. ఒకటి, పువ్వు రేకు మీది మఖమలులాంటి నూగు. గీత గట్టిగా పడితే నూగు పోతుంది, మెత్తగా పడితే ఆకారం పోతుంది. రెండు, పూల వేళ ఆకు ఉండదు, ఆకు ముదిరేసరికి పూలుండవు. మొక్కను గుర్తుపట్టాలంటే రెండూ కావాలి. మొక్కల బొమ్మల సంప్రదాయం ఈ చిక్కును వేర్వేరు నెలల్లో చూసిన భాగాలను ఒక్క కాగితం మీద కూర్చి తీరుస్తుంది. పూలగుత్తి, మూడు రెబ్బల పెద్ద ఆకు, విప్పిన పూభాగాలు పలకలో ఒకచోట చేరాయి. కళ్లముందు ఎప్పుడూ ఒకేసారి కనబడని చెట్టది, అయినా అబద్ధం కాదు. పక్కనే 22వ పలకలో తీగ మోదుగ. మోదుగ బెరడు నుంచి కారే కెంపు రంగు జిగురు గురించి, పూల నుంచి వచ్చే పసుపు గురించి రాక్స్‌బర్గ్ రాశాడు. హోళీ నాటి వసంతానికి మోదుగ పూలు ఉడకబెట్టడం తెలిసినవారికి ఈ సంగతి కొత్త కాదు.

ప్రతి వర్ణనలోనూ తెలుగు పేరును రోమన్ లిపిలో ఇచ్చాడు. వైద్యంలో, వడ్రంగంలో, వంటలో దాని వాడుక చెప్పాడు. ఇది ఊళ్లలో వైద్యులను, రైతులను, అడవి మనుషులను అడిగితే తప్ప దొరకని సమాచారం. ఆ రకంగా ఈ మూడు సంపుటాలు రెండు వందల ఏళ్ల కిందటి గోదావరి తీరపు మొక్కల వాడుకకు కూడా పత్రాలు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోట అధిపతిగా వెళ్లాడు. అక్కడా బొమ్మల పని ఆపలేదు. ఆయన గీయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేలకు పైగా ఉన్నాయి. ఒక జత కలకత్తాలో, మరో జత లండన్ క్యూ తోటలో భద్రంగా ఉంది.

జర్మన్ల పాత్ర

సామర్లకోట కథలో ఇద్దరు జర్మన్లు ముఖ్యులు. యోహాన్ గెరార్డ్ కోనిగ్ (1728–1785) బాల్టిక్ ప్రాంతపు జర్మన్, స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్‌కు శిష్యుడు. 1768లో తరంగంబాడి మిషన్‌కు వైద్యుడిగా వచ్చి, 1778లో కంపెనీ తొలి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. మోదుగ ప్రజాతికి ‘బ్యూటియా’ అన్న పేరు ఆయన పెట్టినదే. 1785లో ఇప్పటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో వైద్యం చేసింది రాక్స్‌బర్గే. మనం రోజూ పోపులో వేసే కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగ్ పేరు ఉంది, లిన్నేయస్ పెట్టినది. జగన్నాథపురంలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గాని, తెలియాల్సిన సంగతి.

రెండోవాడు బెంజమిన్ హైన్ (1770–1819), శాక్సనీవాడు, మొరేవియన్ మిషన్‌తో తరంగంబాడి వచ్చినవాడు. రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లాక సామర్లకోట తోట బాధ్యత ఈయనకే దక్కింది. ఆయన సేకరించిన మొక్కల ఆధారంగా జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు రోత్ 1821లో జర్మనీలో గ్రంథం వేశాడు.

పూలను రేకు మీదికి ఎక్కించడంలో జర్మనీకి ఇంతకంటే పాత చరిత్ర ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ (1647–1717) తన పూల పుస్తకాన్ని తానే చెక్కి 1680లో వెలువరించింది. హైడెల్‌బర్గ్‌లో పుట్టిన గెయోర్గ్ డయొనీసియస్ ఎహ్రెట్ (1708–1770) పువ్వును విప్పి భాగాలుగా చూపే పద్ధతిని యూరప్ అంతటా నిలబెట్టాడు. సామర్లకోట బొమ్మల కింద వరసగా కనిపించే పూభాగాలు ఆ పద్ధతికే వారసులు. ఫ్రాంక్‌ఫర్ట్‌వాడే అయిన లె బ్లాన్ 18వ శతాబ్ది మొదట్లో నీలం, పసుపు, ఎరుపు రంగులకు మూడు రేకులు వాడి ఒకదానిపై ఒకటి అచ్చువేసే దారి కనిపెట్టాడు. నేటి నాలుగు రంగుల ముద్రణకు మూలం అదే. ఆధునికుల్లో హాంబర్గ్ చిత్రకారుడు హోర్స్ట్ యాన్సెన్ (1929–1995) ఎచింగ్ సూదితో వాడిన పూలను, వంగిన కాడలను గీసి పేరు పొందాడు. శాస్త్రం కోరే నిండు పువ్వును వదిలి, రాలబోయే పువ్వును తీసుకోవడమే ఆయన కొత్తదనం.

గోవిందు పేరు

రాక్స్‌బర్గ్ తర్వాత మద్రాసు రాజ్యంలో ఈ పని పెద్దగా చేసినవాడు రాబర్ట్ వైట్ (1796–1872). ఆయన దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందు తెలుగు చిత్రకారులు.  అప్పటికి రాగి రేకు స్థానంలో రాతి అచ్చు వచ్చింది. వైట్ తన ‘ఐకోన్స్’ గ్రంథం చివరి భాగంలో ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని తన చిత్రకారుడి పేరు పెట్టాడు, అది 1853లో. ఆ పేరు ఇప్పుడు శాస్త్రంలో వాడుకలో లేదు, ఆ మొక్కను వేరే ప్రజాతిలో కలిపారు. అయినా సామర్లకోటలో పేరు దక్కని చేతులకు ఆలస్యంగా అందిన గౌరవంగా దాన్ని తీసుకోవచ్చు.

కృష్ణారెడ్డి: ఒక్క రేకులో అన్ని రంగులు

గోదావరి జిల్లాల్లో 20వ శతాబ్దపు చిత్రకళ రేకు వైపు కాక రంగుల చిత్రం వైపు నడిచింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చేరదీసిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన వేసిన చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడవచ్చు. రేకు పనిలో తెలుగువారి పేరు నిలిపింది రాయలసీమ, తెలంగాణ కళాకారులు.

కృష్ణారెడ్డి (1925–2018) శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు చిత్రకళ నేర్పి, లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం అభ్యసించి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణ శాలలో చేరాడు. అక్కడ 1950లలో కైకో మోతీతో కలిసి ఆయన అభివృద్ధి చేసిన పద్ధతి లె బ్లాన్ మూడు రేకుల అవసరాన్ని, రాక్స్‌బర్గ్ నాటి చేతి రంగు అవసరాన్ని కూడా తీసేసింది.

దాని కిటుకు నూనెలో ఉంది. ముందు రేకును శిల్పంలా వేర్వేరు లోతుల్లో చెక్కుతారు, ఆమ్లంతో తొలుస్తారు. మామూలు ఎచింగ్‌లాగే లోతైన గుంటల్లో ఒక రంగు నింపి తుడుస్తారు. తర్వాత నూనె ఎక్కువ కలిపిన పలచని సిరాను గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది పై మట్టాలకే అంటుతుంది. నూనె తక్కువున్న చిక్కని సిరాను మెత్తని రోలర్‌తో దొర్లిస్తే, రోలర్ నొక్కుకుని లోపలి మట్టాలను తాకి అక్కడ రంగు వదులుతుంది. పైనున్న పలచని సిరా మాత్రం దాన్ని తన మీదికి రానివ్వదు. ఒకే రేకు, ఒకే ఒత్తిడి, అన్ని రంగులు ఒకేసారి. రంగులు అంచుల్లో ఒకదానిలో ఒకటి చిన్నచిన్న చుక్కలుగా కలుస్తాయి, చేతితో వేసిన రంగుకు ఆ వెలుగు రాదు.

ఆయన 1959లో చేసిన ‘వాటర్ లిలీస్’లో కలువ ఆకారం పూర్తిగా గుర్తుపట్టేలా ఉండదు. నీరు, ఆకు, రేకు ఒకే అల్లికలో కలిసిపోతాయి. 1963 నాటి ‘వర్ల్‌పూల్’లో అదే పద్ధతి సుడిగుండమై తిరుగుతుంది. సామర్లకోట చిత్రకారుడు పువ్వును విప్పి చూపాడు, కృష్ణారెడ్డి పువ్వు విచ్చుకునే శక్తిని చూపాడు. రెండిట్లో ఏది గొప్ప అన్న పోటీ అనవసరం, కానీ రాగి రేకు నుంచి రంగును ఇంతగా రాబట్టినవారు ప్రపంచంలో వేళ్లమీద లెక్కించదగినవారే. ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976 తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో నేర్పాడు. తన పద్ధతిని వివరిస్తూ 1988లో పుస్తకం వేశాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్, తెలంగాణకే చెందిన దేవరాజ్ డాకోజీ ఎచింగ్‌ను తమ తమ దారుల్లో ముందుకు తీసుకెళ్లారు. లక్ష్మాగౌడ్ రేకుల్లో పల్లె మనిషి, మేక, చెట్టు ఒకే కాండం నుంచి మొలిచినట్టుంటాయి.

ఎక్కడ చూడాలి

‘కోరమండల్ తీరపు మొక్కలు’ మూడు సంపుటాలూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. పలకలను పెద్దవి చేసి గీత గీతా చూడవచ్చు. గోదావరి జిల్లాల బడుల్లో, కాలేజీల వృక్షశాస్త్ర విభాగాల్లో ఈ పలకల నకళ్లు తెలుగు పేర్లతో సహా గోడకెక్కితే బాగుంటుంది. సామర్లకోటలోనూ, జగన్నాథపురంలోనూ అవి తప్పక ఉండాలి. ముందుగా 21వ పలక తెరిచి, ఈ ఫాల్గుణంలో మీ ఊరి మోదుగ పూలగుత్తిని దాని పక్కన పెట్టి పోల్చి చూడండి.